మందమారుతానికి తగిన పలక

హైదరాబాదులో గాలికి కరవు లేదు గాని, నిలుకడ గల గాలికి కరవున్నది. జూన్, జులై మాసాలలో నైరుతి ఋతుపవనం దక్కను పీఠభూమి నెక్కి వచ్చినప్పుడు హుస్సేన్ సాగరం మీద తెరచాపలు నిండుగా ఉబ్బి నిలుస్తవి. ఇచ్చటి పేరుగన్న పడవ పందెములు ఎక్కువగా ఆ దినాలలోనే జరగడానికి కారణమిదే. ఋతువు మళ్ళిన పిమ్మట గాలి సన్నగిల్లుతుంది. శీతకాలపు ఉదయాలలో నీరు అద్దం వలె పడి ఉంటుంది. పొద్దెక్కిన తరువాత ఒక పిల్లగాలి వస్తుంది, నీటిపై ముడుత వేస్తుంది, పోతుంది. కవులకు ఈ మందమారుతం మిక్కిలి ప్రియమైనది. తెరచాప పట్టుకొని నిలిచినవానికి మాత్రం అది ఓర్పునకు పరీక్ష.

నగరపు పడమటి దిక్కున పరిస్థితి మరింత చిత్రమైనది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి హైటెక్ సిటీ, దాని వెనుక సైబరాబాదు, మేడ వెనుక మేడగా పెరిగినవి. ఆ మేడల నడుమ కొండరాళ్ళ మధ్య దుర్గం చెరువున్నది. కుతుబ్‌షాహీల కాలంలో గోలకొండ కోటకు మంచినీరిచ్చిన తటాకమది. 2020 సెప్టెంబరులో దానిపై తీగల వంతెన తెరచినారు. ఎత్తైన కట్టడం తన వెనుక, తన ఎత్తుకు పదింతల దూరం వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, గాలిని చిందరవందర చేస్తుంది. 60 మీటర్ల మేడకు 600 మీటర్ల గాలినీడ అన్నమాట. చెట్టునీడ వలె దీనిని కంటితో చూడలేము. నీటిపై నున్నగా కనిపించే మచ్చలను బట్టి ఊహించవలసినదే.

ఇటువంటి చెరువులలో విండ్‌సర్ఫింగ్ సాధ్యమా? విండ్‌సర్ఫింగ్ అనగా తెరచాప బిగించిన పలకపై నిలుచుండి, చాపను చేతులతో పట్టుకొని నీటిపై సాగిపోవడం. ఇది సముద్రపు క్రీడ అనీ, ధనికుల వినోదమనీ మనవారి అభిప్రాయం. మొదటి మాటలో సగం నిజమున్నది. రెండవ మాట నిజమైనదంటే, అందులో పలక తప్పు కన్న మన తెలియనితనం తప్పే ఎక్కువ అని నా నమ్మకం. (పలక అన్న మాట విని బడిపిల్లలు నవ్వుకుంటే నవ్వుకోవచ్చును. ఇదీ చదువుకునే పలకయే, బలపం బదులు గాలి వ్రాస్తుంది.)

ఈ క్రీడ పుట్టుపూర్వోత్తరాలు చూస్తే అది ధనికుల ఇంట పుట్టలేదని తేలుతుంది. 1958లో ఇంగ్లండు దక్షిణ తీరాన హేలింగ్ ద్వీపంలో పీటర్ చిల్వర్స్ అనే పన్నెండేండ్ల బాలుడు ఒక ప్లైవుడ్ పలక, ఒక గుడారపు గుడ్డ, ఒక వాసం, కొన్ని తెరల కడియాలు కూర్చి తెరచాప పలక తయారు చేసుకొని ఆడుకున్నాడు. 1964లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో న్యూమన్ డార్బీ, బోర్డులపై అక్షరాలు వ్రాసే చిత్రకారుడు, మరొక రకం పలక చేసి, మరుసటి ఏడు దాని నిర్మాణ విధానాన్ని పాపులర్ సైన్స్ పత్రికలో ప్రకటించినాడు. ఎవరింట వారు కొయ్యతో చేసుకొనగలిగేటట్లు పటాలతో సహా ఇచ్చినాడు. పేటెంటు మాత్రం తీసుకొనలేదు.

ఆ పని చేసినవారు కాలిఫోర్నియాకు చెందిన హోయిల్ ష్వైట్జర్, జిమ్ డ్రేక్. డ్రేక్ విమాన శాస్త్ర నిపుణుడు. వారు 1968లో దరఖాస్తు చేయగా 1970లో పేటెంటు లభించినది. వారి నిర్మాణంలోని ముఖ్యాంశం స్తంభం అడుగున ఉన్న కీలు. మామూలు పడవలో స్తంభం నిటారుగా పాతుకొని ఉంటుంది, చుక్కానితో దిక్కు మారుస్తారు. ఇచ్చట స్తంభం ఎటు కావాలంటే అటు వాలుతుంది. చాపను ముందుకు వాల్చితే పలక గాలివాలుకు తిరుగుతుంది, వెనుకకు వాల్చితే గాలికెదురుగా తిరుగుతుంది. చుక్కాని పని చేతులే చేస్తవి.

తరువాత యూరపులో ఈ పలకలకు గొప్ప గిరాకీ ఏర్పడి, పేటెంటుదారులు ఇతర తయారీదారులపై వ్యాజ్యాలు వేసినారు. 1980 దశకంలో ఇంగ్లండు అప్పీలు న్యాయస్థానంలో జరిగిన వ్యాజ్యం ప్రసిద్ధమైనది. ప్రతివాదులు చూపిన సాక్ష్యం మరేదో కాదు, హేలింగ్ ద్వీపపు బాలుని ప్లైవుడ్ పలక. అది అందరూ చూస్తుండగా నీటిపై తిరిగినదనీ, కాబట్టి ఈ కల్పన కొత్తది కాదనీ న్యాయస్థానం నిర్ణయించినది. గుడారపు గుడ్డ ఒక పేటెంటును కొట్టివేయగలిగినదంటే, ఆ గుడ్డను మనం చులకనగా చూడరాదు గదా.

ఇక అసలు విషయానికి వస్తాను. మందమారుతంలో పలక నడవడం ఎందుకు కష్టం? గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుందని తొమ్మిది, పది తరగతుల పిల్లలకు చెప్పవచ్చును. సెకనుకు 3 మీటర్ల గాలి, అనగా గంటకు సుమారు 11 కిలోమీటర్లు, ఒక చదరపు మీటరు చాపపై అర కిలో బరువంత మాత్రమే ఒత్తుతుంది. వేగం 6 మీటర్లైతే ఒత్తిడి రెండింతలు కాదు, నాలుగింతలై రెండు కిలోలవుతుంది. 7 చదరపు మీటర్ల చాప పట్టుకున్నవానికి మొదటి గాలిలో లభించేది మూడున్నర కిలోల తోపు, రెండవ గాలిలో పదునాలుగు. ఆ మూడున్నర కిలోల తోపుతోనే మనిషి, పలక, స్తంభం అన్నీ కలిసి ఎనభై కిలోల బరువు కదలవలెను.

దీనికి తోడు హైదరాబాదుకు మరొక ఇబ్బంది కలదు. హుస్సేన్ సాగరం నీటిమట్టం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైబడి ఉన్నది. ఎత్తు వల్ల గాలి పలుచన. వేసవిలో 35 డిగ్రీల వేడిమి వల్ల ఇంకా పలుచన. సముద్రతీరాన చల్లని దేశంలో వీచే గాలితో పోల్చితే అంతే వేగంగల మన గాలికి బలం పదో వంతు తక్కువ. చూడడానికి చిన్న లెక్క. ఉన్నదే మూడున్నర కిలోలైనప్పుడు పదో వంతు చిన్నది కాదు.

కనుక మనకు తగిన పలక ఆకారం వేరు. నీటిని చీల్చుకొని పోయే దేనికైనా దాని పొడవును బట్టి ఒక సహజమైన వేగపు హద్దున్నది, అది దాటితే తాను లేపిన అలనే తాను ఎక్కవలసి వస్తుంది. 2.4 మీటర్ల పొట్టి పలకకు ఆ హద్దు గంటకు 7 కిలోమీటర్లు. 3.6 మీటర్ల పలకకు ఎనిమిదిన్నర. కాబట్టి చిరుగాలిలో పొడవైన పలకయే మేలు. దాని నడుమ నీటిలోకి దిగే డాగర్‌బోర్డు అనే రెక్క ఉండవలెను, అది లేకుంటే పలక ప్రక్కకు కొట్టుకొనిపోతుంది. మరొక మార్గం, పందెములవారిది, వెడల్పు పెంచడం. 2008 నుండి టోక్యో వరకు ఒలింపిక్స్‌లో వాడిన ఆర్.ఎస్.ఎక్స్. పలక పొడవు 2.86 మీటర్లు, వెడల్పు 93 సెంటీమీటర్లు, బరువు పదిహేనున్నర కిలోలు. దానికి పురుషులు 9.5 చదరపు మీటర్ల చాప కట్టేవారు. 2024 పారిస్ క్రీడలలో నీటి అడుగున రెక్కలపై లేచి తేలిపోయే పలకలు వచ్చినవి. అవి చూడముచ్చటైనవే, కాని వెలకు మన పాఠశాలలు దూరం. పైగా లోతు తక్కువైన చెరువులో ఆ రెక్క నేలను తాకితే పని ముగిసినట్లే. నన్నడిగితే మన చెరువులకు పొడవైన, కొంచెం వెడల్పైన, నిదానమైన పలకకే నా ఓటు.

ఎంత పరిమాణం ఉండవలెను? ఆర్కిమెడీస్ సూత్రమే చాలు. లీటరు నీటిని తొలగించినది కిలో బరువును మోస్తుంది. ఎనభై కిలోలకు ఎనభై లీటర్ల పలక సరిగా మునుగీతలో ఉంటుంది. నేర్చుకునేవాడు తొణకకుండా నిలువవలెనంటే అంతకు రెట్టింపు కావలెను. 160 నుండి 200 లీటర్లు అనుకోవచ్చును. ఇంత పరిమాణం గట్టి కొయ్యతో చేస్తే ఇద్దరు మోయలేరు. పూర్వం మన పిల్లలు సొరకాయ బుర్రలు కట్టుకొని ఈత నేర్చేవారు, వాటి సుగుణం బలం కాదు, లోపల ఉన్న గాలి. కొండపల్లి, నిర్మల్ బొమ్మలు చేసే పొణికి కర్రను చేత పట్టుకున్నవారికి తేలిక అంటే ఏమిటో తెలుస్తుంది. ఇప్పుడు ఆ పనికి అంతకన్న తేలికైన పదార్థం ప్రతి వీధిలో దొరుకుతున్నది, అదే థర్మోకోల్.

ఘనమీటరుకు 15 నుండి 20 కిలోలు తూగే థర్మోకోల్ దిమ్మ తీసుకుంటే, 200 లీటర్ల పలకకు లోపలి భాగం నాలుగు కిలోలకు మించదు. దుకాణంలో చెప్పిన సాంద్రతను నమ్మనక్కరలేదు. పది సెంటీమీటర్ల ఘనం కోసి తూచితే అది సరిగా ఒక లీటరు. 20 గ్రాములు తూగితే 20 కిలోల రకం. గింజలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కున్నదీ లేనిదీ విరిచి చూడవలెను. గింజల మధ్య సందులున్న దిమ్మ నీరు పీలుస్తుంది. వేడి తీగతో థర్మోకోల్ కోయడం మన పట్టణాలలో ఎరుగని విద్య కాదు. పెండ్లి మండపాలకు వధూవరుల పేర్లు, వినాయక చవితికి సింహాసనాలు కోసే పనివాని దగ్గర నైక్రోమ్ తీగ, దానికి విద్యుత్తు అమర్చే పరికరం ఉండనే ఉంటవి. పలక అంచు వంపు కోయడం అతనికి ఒక పూట పని. పొగ మంచిది కాదు గనుక ఆరుబయట కోయవలెను. రాలిన తునకలు గాలికెగిరి చెరువులో పడకుండా గోనెసంచిలోకి ఎత్తవలెను. మన చెరువులలో ఉన్న థర్మోకోల్ ఇప్పటికే ఎక్కువ.

ఈ దిమ్మకు బలం లేదు, వేలితో నొక్కితే సొట్ట పడుతుంది. బలమిచ్చేది పైపొర. రెండు పలుచని గట్టి పొరల మధ్య మందమైన తేలిక పదార్థం పెడితే, వంగేటప్పుడు ఒక పొర సాగడానికీ మరొకటి నొక్కుకొనడానికీ ఒప్పుకొనవు, వాటిని దూరంగా నిలిపి ఉంచడమే నడిమి పదార్థం పని. తాటాకు పొడుగునా ముడుచుకొని ఉండడం వల్ల నిలిచినట్లే ఇదీ ఆకారపు బలం. పైపొరకు గాజునూలు గుడ్డ, దానిని తడిపి గట్టిపరచే జిగురు కావలెను.

జిగురు దగ్గరనే కొత్తవారు నష్టపోతారు. చవకైన పాలియెస్టర్ జిగురులో స్టైరీన్ అనే ద్రవముంటుంది. అది థర్మోకోల్‌ను, పెట్రోలు కరిగించినట్లు, కండ్లెదుటనే కరిగించివేస్తుంది. కనుక ఎపాక్సీ జిగురే వాడవలెను. ఇంట్లో విరిగిన వస్తువులు అతికించే అరాల్డైట్ ఈ జాతిదే. వెల ఎక్కువ. మొత్తం పలక ఖర్చులో పెద్ద భాగం దీనిదే అవుతుంది. అందువల్ల పొదుపు చేయవలసినది దిమ్మలో కాదు, జిగురు వాడకంలో. చదరపు మీటరుకు 200 గ్రాముల గుడ్డకు అంతే బరువు జిగురు చాలు, మిగిలినది గీకివేయవలెను. పలక రెండు వైపులా కలిపి అయిదు చదరపు మీటర్లుంటే ఒక్కొక్క వరుసకు రెండు కిలోలు. మూడు వరుసలు వేస్తే ఆరు. మడమల బరువు పడేచోట గుడ్డ క్రింద మూడు మిల్లీమీటర్ల నీటికి ఓర్చే ప్లైవుడ్ అతికితే మరొక మూడు, నాలుగు కిలోలు. కీలు గాడి, రెక్క పెట్టె కలుపుకొని పదునైదు కిలోల దరిదాపులో పలక సిద్ధమవుతుంది. కార్బన్ నూలుతో ఇంకా తేలిక చేయవచ్చును గాని ఆ రెండు, మూడు కిలోల కొరకు వెల ఎన్నో రెట్లు పెరుగుతుంది. పందెగానికి అది న్యాయం, నేర్చుకునే పిల్లవానికి వ్యర్థం.

మన ఎండకు రెండు జాగ్రత్తలు చెప్పవలెను. ఎపాక్సీని గట్టిపరచే రసాయన చర్య వేడి పుట్టిస్తుంది. వేసవి మధ్యాహ్నం గిన్నెలో ఎక్కువగా కలిపి ఉంచితే అది పొగలు కక్కి గిన్నెలోనే రాయవుతుంది. తెల్లవారుజామున, కొంచెం కొంచెంగా కలుపుకొనవలెను. చేతికి తొడుగులు తప్పనిసరి, అది చర్మానికి పడదు. రెండవది, పూర్తయిన పలకకు నల్లరంగు వేయరాదు. మే నెలలో ఎండలో నల్లటి పలక పైపొర మెత్తబడి, లోపలి గాలి వ్యాకోచించి, చర్మం బొబ్బలెక్కినట్లు ఉబ్బుతుంది. తెల్లరంగు వేసి, లోపలి గాలి పోవడానికి చిన్న మరచీల ఒకటి పెట్టి, నీడన ఉంచితే చాలా కాలం మన్నుతుంది.

తేలికను తక్కువ వెలకు తేవడం ఈ నగరానికి కొత్త కాదు. అగ్ని క్షిపణి కొరకు తయారైన మిశ్రమ పదార్థాన్ని, అబ్దుల్ కలాం గారి ప్రోద్బలంతో, నిజాం వైద్య విజ్ఞాన సంస్థ వైద్యుల కోరికపై, కాళ్ళు చచ్చుబడిన పిల్లల ఊతలకు ఉపయోగించిన కథ ఉపాధ్యాయులకు తెలిసినదే. మూడు కిలోలకు పైబడిన లోహపు ఊత స్థానంలో మూడు, నాలుగు వందల గ్రాముల ఊత వచ్చినది. మన తీరప్రాంతంలో మరొక ఉదాహరణ ఉన్నది. విశాఖ, శ్రీకాకుళం మత్స్యకారులు తరతరాలుగా తేలిక దుంగలు త్రాళ్ళతో బిగించి తెప్పలు కట్టేవారు. అటువంటి దుంగలు అరుదై వెల పెరిగిన తరువాత, తెప్ప ఆకారం పోనీయకుండా నురుగు దిమ్మపై ఫైబర్‌గ్లాస్ తొడిగిన తెప్పలకు మారినారు. 1980 దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వారి బంగాళాఖాత కార్యక్రమం కూడ తూర్పు తీరాన అలలలో దిగగల ఫైబర్ పడవలను ప్రయోగించి చూపినది. తెప్పకూ విండ్‌సర్ఫింగ్ పలకకూ నిర్మాణంలో భేదం తక్కువ. ఒకటి బ్రతుకుతెరువు, ఒకటి ఆట. కాని ఆ తీరపు పనివాండ్ర చేతిలో ఉన్న నేర్పు సైబరాబాదు అద్దాల గదులలో దొరకదని చెప్పక తప్పదు.

చాప సంగతి వేగంగా ముగిస్తాను. దుకాణపు చాప పలకకు సమానంగా వెలపడుతుంది. అభ్యాసానికి రైతులు ధాన్యంపై కప్పే నేత పాలిథీన్ పట్టాను కోసి కుట్టించిన చాప ఒక ఋతువు పని చేస్తుంది, ఎండకు నార విడిపోతే మరొకటి కుట్టించవచ్చును. స్తంభానికి అల్యూమినియం గొట్టం, చేతికఱ్ఱకు వంచిన వెదురు, కీలుకు మందమైన రబ్బరు గొట్టపు ముక్క చాలును.

ఇదంతా ఎవరి కొరకు? హుస్సేన్ సాగరంలో సికింద్రాబాదు సెయిలింగ్ క్లబ్, ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్ సైనికుల ఆధ్వర్యంలో పనిచేస్తున్నవి. హైదరాబాదు యాట్ క్లబ్ పేద కుటుంబాల బాలబాలికలను ఎంచి శిక్షణ ఇచ్చినది. అక్కడ తయారైన ప్రీతి కొంగర 2023లో చైనాలో జరిగిన ఆసియా క్రీడలలో భారతదేశం పక్షాన పోటీ చేసినది. ఇటువంటి పిల్లలు మొదట ఎక్కే చిన్న పడవ పేరు ఆప్టిమిస్ట్. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ దానిని గీసినప్పుడు పెట్టుకున్న నియమం ఒక్కటే, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు గల రెండు ప్లైవుడ్ పలకలలో పడవ అంతా ఇమడవలెను. దాని పొడవు ఏడడుగుల తొమ్మిదంగుళాలు కావడానికి సముద్ర శాస్త్రం కన్న ప్లైవుడ్ కొలతే కారణం. అదే ఆసియా క్రీడలలో ఆర్.ఎస్.ఎక్స్. పలకపై మన దేశానికి కాంస్యం తెచ్చిన ఇబాద్ అలీ సముద్రతీరవాసి కాడు. మధ్యప్రదేశ్ వాడు, భోపాలు చెరువులో నేర్చినవాడు. సముద్రం లేని ఊరికి విండ్‌సర్ఫింగ్ ఎందుకన్నవారికి ఇంతకన్న వేరే జవాబక్కరలేదు.

నీటి విషయంలో దాపరికం పనికిరాదు. హుస్సేన్ సాగరంలోకి కాలువల మురుగు దశాబ్దాలుగా వచ్చి చేరినది. పడినవాడు ఆ నీరు మింగరాదు, ఒడ్డుకు వచ్చి మంచినీటితో స్నానం చేయవలెను. దుర్గం చెరువులోనైనా, మరే చెరువులోనైనా, అధికారుల అనుమతి, ఒంటిపై తేలుడు కోటు, వెంట ఒక పడవ, ఈత వచ్చిన పెద్దవాడు లేనిదే పిల్లలను దింపరాదు. గుఱ్ఱపుడెక్క, నాచు పెరిగే చెరువులలో నిటారు రెక్కకు తీగలు చుట్టుకొని పలక ఆగిపోతుంది. రెక్కను వెనుకకు బాగా వాల్చి చేయించుకుంటే నాచు జారిపోతుంది.

పలక పూర్తయిన దినాన చాప కట్టవద్దు. అది నీటిలో ఏడు దినాలు తేలి, తిరిగి తూచినప్పుడు బరువు పెరగనిదే దానిని నమ్మరాదు. పెరిగితే ఎక్కడో సూదిమొన అంత రంధ్రమున్నది. ఆరబెట్టి, సబ్బునీరు పూసి, మరచీల రంధ్రం గుండా మెల్లగా గాలి ఊదితే బుడగ వచ్చినచోటు చిక్కుతుంది. అచ్చట ఎపాక్సీ చుక్క వేసి, మరునాడు మళ్ళీ నీటిలో వేయవలెను. తరువాత చాప లేకుండా ఒక్కొక్కరు పలకపై నిలుచుండి, మోకాళ్ళు కొంచెం వంచి, ముందుకు నాలుగడుగులు, వెనుకకు నాలుగడుగులు నడవడం నేర్వవలెను. ఆ పనికి గాలి అసలే అక్కరలేదు, హైదరాబాదు శీతకాలపు ఉదయం చక్కగా సరిపోతుంది.